సగటు లెక్కకు అందని బస్తర్ ఇల్లు

గూడు లేని నిరుపేదకు ఇల్లు కట్టించడం ప్రభుత్వాల కనీస ధర్మం. ఆ ధర్మాన్ని నెరవేర్చేందుకే కేంద్రం 2016లో పాత ఇందిరా ఆవాస్ యోజనను సంస్కరించి ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌ను ప్రారంభించింది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకాన్ని మరో 2 కోట్ల ఇళ్లకు పొడిగించింది. అదే ఏడాది లొంగిపోయిన నక్సలైట్లకు, నక్సల్ హింసకు గురైన కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్‌లో ప్రత్యేకంగా 15 వేల ఇళ్లు మంజూరయ్యాయి. దశాబ్దాల తరబడి తుపాకుల మోత మధ్య నలిగిన బస్తర్ ప్రాంతంలో ఒక పక్కా ఇల్లు లేవడం సామాన్యమైన విషయమేమీ కాదు.

ఎన్ని ఇళ్లు మంజూరయ్యాయి, ఎన్ని పునాదుల దశలో ఉన్నాయి, ఎన్నింటికి కప్పు పడింది అనే లెక్కలు క్రమం తప్పకుండా వెలువడుతూనే ఉన్నాయి. అయితే ఆ ఇంట్లో మే నెల మధ్యాహ్నం కూర్చోగలరా, ఆగస్టు ముసురులో కంటిమీద కునుకు పడుతుందా, జనవరి తెల్లవారుజామున పసిబిడ్డకు చలి ఆగుతుందా అన్న ప్రశ్నలకు ఆ పట్టికల్లో చోటు లేదు. ఇంటిని లెక్కిస్తున్నారే గాని ఇంట్లోని మనిషి సుఖాన్ని లెక్కించడం లేదు. ఈ లోపం నిర్లక్ష్యంవల్ల మాత్రమే వచ్చింది కాదు. వేడిని, చలిని కొలిచే పద్ధతిలోనే ఇది ఇమిడి ఉండడం గమనార్హం.

విశాఖ, జగదల్‌పూర్ ఒకే గడిలో

భవన నిర్మాణ నిపుణులు మన దేశాన్ని ఐదు వాతావరణ మండలాలుగా విభజించారు. వేడి-పొడి, వేడి-తేమ, సమశీతోష్ణ, శీతల మండలాలు నాలుగు. ఈ నాలుగింటిలో దేనికీ ఆరు నెలలకు తక్కువ కాకుండా చెందని ప్రాంతాలను మిశ్రమ మండలం కింద చేర్చారు. ఇంధన పొదుపు భవన నియమావళి ప్రకారం హైదరాబాద్ మిశ్రమ మండలంలో, విశాఖపట్నం వేడి-తేమ మండలంలో ఉన్నాయి. బస్తర్‌కు కేంద్రమైన జగదల్‌పూర్ కూడా విశాఖతోపాటే వేడి-తేమ జాబితాలో చేరింది.

వానకాలాన్ని బట్టి చూస్తే ఈ వర్గీకరణను తప్పుపట్టనవసరం లేదు. బస్తర్ పీఠభూమిలో ఏటా 1,500 మిల్లీమీటర్ల దరిదాపు వర్షం కురుస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఉదయపు గాలిలో తేమ 90 శాతం చుట్టూ ఉంటుంది. అయితే జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. విశాఖలా సముద్రపు ఒడ్డున ఉన్నది కాదు. సముద్రం పగటి వేడిని, రాత్రి చలిని రెండింటినీ తగ్గిస్తుంది. సంక్రాంతి రోజుల్లో విశాఖలో కనిష్ఠ ఉష్ణోగ్రత 18 డిగ్రీల దరిదాపున ఉంటే, జగదల్‌పూర్‌లో 10, 12 డిగ్రీలకు పడిపోతుంది. మే నెలలో పగటి వేడిమి 38 నుంచి 40 డిగ్రీల వరకు చేరుతుంది. వేసవిలో పొడి వేడి, వానకాలంలో తడి ఉక్క, శీతకాలంలో రాత్రి చలి - ఇలా మూడు కాలాలు మూడు భిన్నమైన కోరికలను ఇంటి ముందుంచుతాయి.

అంతేకాదు, బస్తర్ అంతా ఒకే మట్టాన లేదు. శబరి ఒడ్డున ఆంధ్ర సరిహద్దులో ఉన్న కోంటా, ఇంద్రావతికి దిగువన ఉన్న భోపాల్‌పట్నం పల్లపు ప్రాంతాలు. వాటి ఎండలు భద్రాచలం ఎండలకు తీసిపోవు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్నది వాతావరణ శాస్త్రంలో ప్రాథమిక సూత్రం. ఆ లెక్కన కోంటాకూ జగదల్‌పూర్‌కూ మధ్య ఎత్తు తేడావల్లనే మూడు డిగ్రీల వ్యత్యాసం ఉంటుంది. ఈ రెండు చోట్లకూ ఒకే గడిని, ఒకే ఇంటి నమూనాను వర్తింపజేయడం ఎంతవరకు సబబు?

సగటు చేసే మాయ

ఒక ఊరిలో ఇళ్లకు ఎంత వెచ్చదనం, ఎంత చలువ కావాలో అంచనా వేయడానికి ఇంజనీర్లు చాలాకాలంగా ‘డిగ్రీ-దినాలు’ అనే లెక్కను వాడుతున్నారు. ఇందులో చిక్కేమీ లేదు. ఒక రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కలిపి సగం చేస్తారు. ఆ సగటు 18 డిగ్రీలకంటే ఎంత తగ్గితే ఆ రోజు అంత వెచ్చదనం అవసరమని, ఎంత పెరిగితే అంత చలువ అవసరమని నమోదు చేస్తారు. ఏడాది పొడవునా వచ్చిన అంకెలను కూడితే ఆ ఊరి అవసరం తేలుతుంది.

బస్తర్‌లో జనవరి నెలలో ఒక రోజును తీసుకుందాం. పగలు 28 డిగ్రీలు, తెల్లవారుజామున 10 డిగ్రీలు. సగటు 19 డిగ్రీలు. అది 18కి పైనే ఉంది గనుక ఆ రోజు వెచ్చదనం అవసరం సున్నా. పైపెచ్చు చలువకూ అదే ప్రమాణాన్ని వాడితే ఆ రోజు ఒక డిగ్రీ మేరకు చలువ అవసరమైనట్లు నమోదవుతుంది! తెల్లవార్లూ నెగడు చుట్టూ ముడుచుకు కూర్చున్న కుటుంబం కాగితంమీద చల్లగాలి కోసం ఎదురుచూస్తున్న కుటుంబంగా మారిపోతుంది. ఇంతకంటె హాస్యాస్పదమైన విషయం మరొకటి ఉండదు.

మధ్యాహ్నపు ఎండ తెల్లవారుజాము చలిని రద్దు చేయదు. మనిషి సగటులో బతకడు, గంట గంటకూ బతుకుతాడు. ఈ సత్యాన్ని శాస్త్రజ్ఞులు గుర్తించలేదని కాదు. ఒట్టో కోనిగ్స్‌బర్గర్ అనే జర్మన్ వాస్తుశిల్పి 1939లో మైసూరు సంస్థానానికి వచ్చి ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేశారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నెహ్రూ ప్రభుత్వంలో గృహనిర్మాణ డైరెక్టర్‌గా కూడా వ్యవహరించారు. ఆయన, కార్ల్ మహోనీ, మార్టిన్ ఇవాన్స్ కలిసి తయారుచేసిన పద్ధతిని ఐక్యరాజ్యసమితి 1971లో ప్రచురించింది. అందులో పగటి సుఖాన్ని, రాత్రి సుఖాన్ని వేర్వేరుగా తూచి చూస్తారు. గాలి కదలిక ఎన్ని నెలలు అవసరం, చలినుంచి రక్షణ ఎన్ని నెలలు అవసరం, ఆరుబయట పడుకునే చోటు కావాలా అనే విషయాలను నెలలవారీ పట్టికతో తేల్చవచ్చు. దీనికి కంప్యూటర్ కూడా అక్కరలేదు. కాగితం, పెన్సిలు చాలు.

పెద్ద భవనాల విషయంలో ఇంజనీర్లు ఇంకా ముందుకు వెళ్లారు. ఏడాదిలోని 8,760 గంటలకూ విడివిడిగా లెక్కకట్టే పద్ధతులు వాడుకలో ఉన్నాయి. అందుకు కావలసిన వాతావరణ సమాచారాన్ని సిద్ధంచేసిన భారతీయ నగరాలలో జగదల్‌పూర్ కూడా ఒకటి. అంటే లెక్కకట్టే సాధనం ఉంది, సమాచారమూ ఉంది. అది పేదవాని గడప దాకా రాలేదు, అంతే.

పాత ఇంటి వివేకం

బస్తర్ గిరిజనుల ఇల్లు ఈ మూడు కాలాలకూ తనదైన సమాధానం చెప్పుకుంది. మట్టిగోడలు, లేదా వెదురు తడికెలకు మట్టి మెత్తిన గోడలు. పైన గూన పెంకులు, లేదంటే గడ్డి కప్పు. చూరు బాగా కిందికి దిగి గోడను ఎండనుంచి, జడివాననుంచి కాపాడుతుంది. ముందు వసారా ఉంటుంది. పెంకుల సందుల నుంచి వేడిగాలి పైకి వెళ్లిపోతుంది. మందమైన మట్టిగోడ పగటి వేడిని తనలోనే నిలుపుకొని చాలా ఆలస్యంగా లోపలికి వదులుతుంది. చలికాలపు రాత్రి అదే గుణం మేలు చేస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది, ఆ ఇంటిలో మనుషులు కాలాన్ని బట్టి చోటు మారుస్తారు. వేసవి రాత్రి వాకిట్లో పడక, వానకాలంలో వసారాలో, చలికాలంలో లోపల పొయ్యి దగ్గర. ఇంటికి మూడు వాతావరణాలు ఉంటే దానిలో మూడు పడకలు ఉన్నాయన్నమాట. తెలుగు పల్లెల్లో అరుగు, వాకిలి, నట్టిల్లు చేసిన పని కూడా ఇదే.

పొయ్యి సంగతిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది వంట కోసమే కాదు. శీతకాలంలో అదే కుంపటి. ముసురు రోజుల్లో తడిసిన బట్టలను, ధాన్యాన్ని ఆరబెట్టేది అదే. దాని పొగ కప్పులోని గడ్డిని, వెదురును పురుగు పట్టకుండా కాపాడుతుంది. అయితే అదే పొగ ఆడవారి కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందన్నదీ కాదనలేని వాస్తవం. 2016 మేలో ప్రారంభమైన ఉజ్వల పథకం వంటగ్యాస్‌ను పేదల ఇళ్లకు చేర్చింది. అది వంటను లెక్కలోకి తీసుకుంది గాని, పొయ్యి చేసే మిగతా పనులను లెక్కించలేదు. గ్యాస్ సిలిండర్ ఉన్న ఇంట్లోనూ చలికాలంలో కట్టెలు మండడాన్ని చూసి ప్రజల అజ్ఞానమని కొందరు అధికారులు నిట్టూర్చవచ్చు. అది అజ్ఞానం కాదు, వెచ్చదనం అవసరం. కాగితంమీద సున్నాగా నమోదైన అవసరమే అక్కడ పొగ రూపంలో కనిపిస్తున్నది.

కప్పు కాదు, కుంపటి

కొత్త ఇంటి విషయానికి వద్దాం. పథకం మార్గదర్శకాల ప్రకారం ఇంటి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయలు, కొండ ప్రాంతాల్లోనూ నక్సల్ ప్రభావిత జిల్లాల్లోనూ 1.30 లక్షల రూపాయలు సాయంగా నిర్ణయించారు. అబూజ్‌మాడ్ మాడియాల వంటి మిక్కిలి వెనుకబడిన తెగలకు 2023 నవంబరులో ఆరంభమైన జన్‌మన్ కార్యక్రమం కింద 2 లక్షల సాయం అందుతుంది. పక్కా ఇల్లంటే వాడకాన్ని, వాతావరణ శక్తులను తట్టుకొని, తగిన మరమ్మతులతో కనీసం 30 ఏళ్లు నిలిచే ఇల్లని మార్గదర్శకాలు నిర్వచించాయి.

నిర్వచనాన్ని కాస్త నిదానించి చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. వాతావరణాన్ని తట్టుకోవలసింది ఇల్లు. ఇంట్లో ఉన్నవారి సంగతి అందులో లేదు. గోడలు 30 ఏళ్లు నిలవాలన్నారు గాని, ఆ 30 ఏళ్లూ లోపలి మనిషి ఎలా నిద్రపోవాలో చెప్పలేదు.

పది సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబు ఒక చదరపు మీటరు మేర, లోపలికీ వెలుపలికీ ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు మూడున్నర వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. ఎండవల్ల కప్పుమీద వేడిమి ప్రభావం లోపలి గాలికన్నా 20 డిగ్రీలు ఎక్కువగా ఉందనుకుంటే, 25 చదరపు మీటర్ల కప్పు 1,750 వాట్ల వేడిని గదిలోకి దించుతుంది. దాదాపు రెండు ఇస్త్రీపెట్టెలను నెత్తిమీద వేలాడదీసుకొని కూర్చున్నట్లు లెక్క. సూర్యాస్తమయం తరువాత కూడా శ్లాబు తాగిన వేడిని కక్కుతూనే ఉంటుంది. ఇక రేకుల కప్పు సంగతి చెప్పనక్కరలేదు. పగలు నిప్పులు చెరుగుతుంది, చలికాలపు రాత్రి ఇట్టే చల్లబడి లోపలి తేమను నీటిబొట్లుగా రాల్చుతుంది. పాత ఇంటి పెంకులు, గడ్డి చేసిన పనిని ఈ రెండూ చేయలేవు.

గాలి విషయమూ అంతే. తేమ ఎక్కువగా ఉన్నచోట ఒంటిమీద చెమట ఆరితేనే మనిషికి ఊరట. గాలి కదలనిదే చెమట ఆరదు. అందుకని వేడి-తేమ మండలంలో నేల వైశాల్యంలో ఆరో వంతు మేర, అంటే 16.66 శాతం మేర, తెరుచుకునే తలుపులు, కిటికీలు ఉండాలని 2018 డిసెంబరులో వెలువడిన నివాస భవనాల ఇంధన నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ నిర్దేశించింది. 25 చదరపు మీటర్ల ఇంటికి ఆ లెక్కన నాలుగు చదరపు మీటర్లకు పైగా కావాలి. ఒక మామూలు వీధి తలుపు, ఒక కిటికీ కలిసి మూడు చదరపు మీటర్లకు మించవు. ఉన్న ఆ ఒక్క కిటికీని కూడా దోమల భయంతో మూసివేయడం సహజం. మలేరియాతో సతమతమైన బస్తర్‌లో 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ ఉద్యమాన్ని చేపట్టవలసి వచ్చిన సంగతి తెలిసిందే. కిటికీకి దోమతెర లేనిదే గాలి, ఆరోగ్యం రెండూ దక్కవు.

చట్టం ఎవరి ఇంటికి?

అదే సంహిత కప్పు గురించి కూడా మంచి నియమం పెట్టింది. కప్పు గుండా వేడి ప్రసారం చదరపు మీటరుకు, డిగ్రీకి 1.2 వాట్లు మించరాదన్నది. మామూలు శ్లాబు పంపే వేడిలో ఇది మూడో వంతు మాత్రమే. ఈ నియమాన్ని పాటిస్తే పైన చెప్పిన 1,750 వాట్లు 600 వాట్లకు దిగివస్తాయి.

కాని ఆ సంహిత వర్తించేది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాస భవనాలకు. 25 చదరపు మీటర్ల ఇంటికి అది వర్తించదు. అపార్టుమెంటులో ఏసీ పెట్టుకోగలిగినవారి కప్పుకు రక్షణ ఉంది. ఫ్యాను కొనడానికే వెనకాడే కుటుంబం కప్పుకు రక్షణ లేదు. కరెంటు పొదుపు కోసం రాసిన నియమం గనుక కరెంటు ఎక్కువగా వాడేవారిని మాత్రమే పట్టించుకుంది. కరెంటు వాడలేనివాడు వేడికి చెల్లిస్తున్న మూల్యం ఏ మీటరులోనూ తిరగదు. అతను నిద్రతో, మరునాటి కూలితో, ఒంటి సత్తువతో చెల్లిస్తాడు.

2019 మార్చిలో కేంద్రం ప్రకటించిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక దేశంలో చలువ అవసరం 2017-18 నాటితో పోలిస్తే 2037-38 నాటికి దాదాపు ఎనిమిది రెట్లు పెరుగుతుందని అంచనా వేసింది. అందరికీ సుఖకరమైన ఉష్ణోగ్రత అందాలన్నది తన ధ్యేయమని చెప్పింది. ప్రణాళిక వెలువడేనాటికి దేశంలో ఏసీ ఉన్న కుటుంబాలు దాదాపు 8 శాతం మాత్రమే. మిగిలిన 92 శాతానికి చలువ యంత్రం వారి ఇంటి కప్పే. ఆ యంత్రాన్ని సరిగా తయారుచేసే అవకాశం ప్రభుత్వానికి ఒక్కసారే వస్తుంది, ఇల్లు కట్టేటప్పుడు.

యంత్రాలు ఎందాక?

కరెంటు వచ్చింది కదా, ఫ్యాను, కూలరు పెట్టుకోవచ్చు కదా అని కొందరు వాదించవచ్చు. 2017 సెప్టెంబరులో ఆరంభమైన సౌభాగ్య పథకం మారుమూల పల్లెలకు సైతం కరెంటు కనెక్షన్లు ఇచ్చిన మాట నిజం. అయితే కూలరు పనిచేసేది నీరు ఆవిరి కావడంవల్ల. ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో అది కొంత మేలు చేస్తుంది. జూలై వచ్చేసరికి గాలి నిండా తేమ ఉన్నప్పుడు నీరు ఆవిరి కాదు. కూలరు గదిలో తేమను పెంచి ఉక్కను రెట్టింపు చేస్తుంది. ఫ్యాను వానకాలంలో నిజంగా ఉపయోగపడే సాధనం. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్లకు పైన. బ్రష్‌లెస్ మోటారుతో వస్తున్న కొత్త రకం ఫ్యాను 30 వాట్లతోనే అంత గాలినిస్తుంది, నెలకు 9 యూనిట్లు చాలు. అయితే కాలిన శ్లాబు కింద తిరిగే ఫ్యాను పైనున్న వేడిగాలినే కిందికి తోస్తుందన్నది వేసవిలో తెలుగు ఇళ్లన్నింటికీ అనుభవమే. చలికాలంలో అది చేయగలిగింది ఏమీ లేదు.

సరిహద్దుకు ఇవతల

ఇది బస్తర్ సమస్య మాత్రమే అనుకోవడం పొరపాటు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983 తరువాత ఎన్.టి.రామారావు ప్రభుత్వం బలహీనవర్గాలకు పెద్దఎత్తున పక్కా ఇళ్లు కట్టించింది. గుడిసెలు తగలబడి బుగ్గి అయ్యే దుస్థితినుంచి లక్షల కుటుంబాలు బయటపడ్డాయి. అదే సమయంలో శ్లాబు కింద వేసవి రాత్రి పడుకోలేక మంచాలు వీధిలో వేసుకోవడం కూడా అలవాటైంది. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి మించి ప్రాణాలు పోయాయి. ఎండలో పనిచేసినవారితోపాటు వృద్ధులూ ఆ మృతులలో ఉన్నారు. ఇల్లు రాత్రివేళ కూడా చల్లబడకపోతే పగలు ఎండకు ఓడిన శరీరానికి కోలుకునే వ్యవధి దొరకదు.

2005 తరువాత సల్వాజుడుం, నక్సలైట్ల సంఘర్షణలో ఇళ్లు వదలి గోదావరి అడవులకు తరలివచ్చిన బస్తర్ ఆదివాసులు నేటికీ భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో, అల్లూరి సీతారామరాజు జిల్లాలో గుత్తికోయలుగా బతుకుతున్నారు. వారి గూడేలలో టార్పాలిన్ పట్టాల కింద మూడు కాలాలూ గడుస్తున్నాయి. వారికి రేపు ఎక్కడ ఇల్లు కట్టించినా ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు, పలకలతో కప్పాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. విధానం హర్షణీయమే. ఇక్కడ కూడా నిర్బంధం పెద్ద ఇళ్లదగ్గరే ఆగిపోయిన సంగతి విస్మరించరాదు.

వెనక్కి వెళ్లమని కాదు

గిరిజనులు మట్టి ఇళ్లలోనే ఉండాలని చెప్పడం ఎవరి ఉద్దేశమూ కారాదు. మట్టి ఇంటికి ఏటా పెంకులు సర్దాలి, గోడలు మెత్తాలి, చెదలతో పోరాడాలి. గడ్డి కప్పుకు నిప్పు భయం, పాముల భయం. అడవి తరిగిన కొద్దీ దూలాలు, వాసాలు దొరకడం కష్టమవుతున్నది. శ్లాబు ఇల్లు గౌరవానికి చిహ్నమైంది. దాన్ని కోరుకునే హక్కు బస్తర్ రైతుకు ఢిల్లీ ఉద్యోగికి ఉన్నంతగానే ఉంది. పాత ఇంటి సొగసును చిత్రాల్లో చూసి మురిసిపోయేవారు అందులో ఒక్క వానకాలం గడిపి మాట్లాడడం మంచిది.

పథకం నిబంధనలు లబ్ధిదారునికి ఇంటి నమూనా ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చాయన్న మాట కూడా వాస్తవమే. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ఢిల్లీ ఐఐటీ కలిసి ఆయా ప్రాంతాల వాతావరణానికి, సామగ్రికి తగిన గ్రామీణ గృహాల నమూనాలను ‘పహల్’ పేరిట సంకలనం చేశాయి. ఆ కృషి ప్రశంసనీయం. అయితే 1.30 లక్షల రూపాయల్లో సిమెంటు, ఇనుము ధరలతో కుస్తీపడే కుటుంబానికి కాగితంమీది స్వేచ్ఛ ఏపాటి? ఎవరైనా మొదట తగ్గించుకునేది వసారాను, రెండో కిటికీని, చూరును. వాయిదా సొమ్ము విడుదలయ్యేది పునాది, గోడలు, కప్పు ఫొటోలు చూసి. వసారా ఫొటోకు వాయిదా లేదు. సాయం మొత్తం 2016లో నిర్ణయించింది కాగా, సామగ్రి ధరలు ఆనాటివి కావు.

చేయవలసింది కొండంత కాదు. మొదటిది, శ్లాబు పైన సున్నపు పూత. ఇది ఏటా వానలు వెళ్లాక, వేసవికి ముందు వేసుకోగలిగిన చవక పని. రెండోది, కేరళలో లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో శ్లాబు అడుగు భాగంలో గూన పెంకులను పొదగడం. కాంక్రీటు, ఇనుము ఖర్చు తగ్గుతుంది, పెంకుల్లోని గాలి వేడిని కొంత అడ్డుకుంటుంది. కుమ్మరికి పని దొరుకుతుంది. మూడోది, ఎదురెదురుగా రెండు కిటికీలు, వాటికి దోమతెర, చలికాలంలో బిగుతుగా మూసుకునే చెక్క రెక్కలు. వేడి-తేమ మండలమని పెద్ద కిటికీలు పెట్టి మూసే ఏర్పాటు మరచిపోతే జనవరిలో పడే బాధ అంతా ఇంతా కాదు. నాలుగోది, వసారా. మూడు కాలాల పడకల్లో రెండు దానిమీదే. అయిదోది, పొగ గొట్టం ఉన్న పొయ్యికి ఇంటిని ఆనుకొని ఒక చోటు. గ్యాస్ వచ్చినా పొయ్యి పోదని ఒప్పుకుంటే దాని పొగనైనా బయటికి పంపవచ్చు.

ఇందుకు ఇంటికి కొంత అదనంగా ఖర్చవుతుంది. ఆ మొత్తాన్ని 30 ఏళ్లకు పంచి చూడాలి. ఇల్లు కట్టి చేతులు దులుపుకున్న ఖజానా మిగుల్చుకునేది ఆ కొద్దిపాటి సొమ్ము. ఇంటివారు ముప్పై వేసవులు, ముప్పై వానకాలాలు, ముప్పై శీతకాలాలు కట్టెలతో, కరెంటు బిల్లులతో, నిద్రలేని రాత్రులతో అంతకు ఎన్నోరెట్లు చెల్లిస్తారు. ఇది పొదుపు కాదు, ఖర్చును బలవంతుని ఖాతానుంచి బలహీనుని ఖాతాకు మార్చడం.

బైలడిల్లా కొండల ఇనుప ఖనిజం 1960ల నుంచి కిరండూల్-కొత్తవలస రైలుమార్గంలో విశాఖ రేవుకు, అక్కడినుంచి విదేశాలకు తరలివెళ్లింది. అంత సంపద ఇచ్చిన నేలమీద ఒక కుటుంబానికి మూడు కాలాలూ నిద్రపట్టే ఇల్లు కట్టివ్వడం దేశానికి భారం కాకూడదు. ఇళ్ల లెక్కలు రాసే పట్టికలో మరొక్క గడి చేర్చితే చాలు. మే మధ్యాహ్నం, ఆగస్టు అర్ధరాత్రి, జనవరి తెల్లవారుజాము - ఈ మూడు వేళల్లో ఆ ఇంట్లో ఎంత వేడి, ఎంత చలి అన్నది కొలిచి అందులో రాయాలి. ఆ గడి నిండిన నాడే ఇల్లు పూర్తయినట్లు ధ్రువీకరించాలి.